బారువ ఓడ దగ్గర స్కూబా: సంక్రాంతికి దిగొచ్చా?

ప్రశ్న: మాది సోంపేట. అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (సిలిండర్‌తో నీళ్ళలోకి దిగే స్కూబాలో మొదటి మెట్టు) చేశాను. వందేళ్ళ కిందట బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడ పెద్ద లోతులో లేదంటున్నారు కదా, పండక్కి వచ్చినప్పుడు ఫ్రెండ్‌తో కలిసి దిగుదామనుంది. జనవరి నీళ్ళ చలికి 3 మి.మీ. మందం డైవింగ్ సూటు ఆగుతుందా?

జవాబు: ఆగుతుంది తమ్ముడూ. మన సముద్రం అప్పుడు 25 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. కాకపోతే ఒంట్లో వేడిని గాలికన్నా నీళ్ళు ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి, రెండో డైవ్‌కి పళ్ళు టకటకలాడతాయి, పడవలో తడి ఒంటికి గాలి కొడితే ఇంకా ఘోరం, అందుకని ఒక జెర్కిన్ పెట్టుకో.

నాకు చలి కన్నా ఆ తక్కువ లోతే భయం. పైన అల వెళ్తుంటే అడుగున నువ్వు ముందుకీ వెనక్కీ ఊగుతావు, పక్కనేమో గుల్లలు పట్టిన తుప్పు రేకులు, చెయ్యి ఆనించావంటే చీరేస్తాయి. గ్లవ్స్ వేసుకో, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావో చూసుకో. మునగడానికి నడుముకి కట్టుకునే బరువుల సంగతి కూడా. నిండు సిలిండర్లో గాలే రెండు కిలోలు దాటుతుంది, అది అయిపోయేకొద్దీ నువ్వు తేలిపోతావు. పైగా మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి అక్కడ కాస్త పైకి లేచినా, తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్లో గాలి ఉబ్బి నిన్ను లాక్కుపోతుంది. సిలిండర్ దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు బరువులు సరిచూసుకోవాలి.

ప్రశ్న: థాంక్స్ అన్నా. ఓడ లోపలికి దూరి ఫోటోలు తీసుకోవచ్చా?

ఇంకో జవాబు: దూరకు బావా! ఆ ట్రైనింగే వేరు. మాది వేట చేసుకునే ఇల్లు, చెప్తున్నా విను. శిథిలాల దగ్గర చేపలు చేరతాయి, వలలు అక్కడే పడతాయి, చిక్కుకున్నవి తెగి అక్కడే ఉండిపోతాయి. నైలాన్ వల మసక నీళ్ళలో కనపడదు, వెనక సిలిండర్ వాల్వుకి తగులుకుందంటే చెయ్యి అందదు, జతగాడే కొయ్యాలి. ఇద్దరి దగ్గరా కట్టర్ ఉండాలి, కాలికి కాదు, ఛాతీ దగ్గర, రెండు చేతులకీ అందేలా.

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది బారువలోనే కదా, ఎగువన వాన పడితే నీళ్ళు ఎర్రగా అయిపోతాయి. ముందురోజు సాయంత్రం ఒడ్డున మావాళ్ళని అడుగు, వద్దంటే వద్దు. స్కూబా తెలిసినవాడు పడవ మీద ఒకడుండాలి. సిలిండర్లు విశాఖ నుంచి తెచ్చుకునే పనైతే ఆ డైవ్ సెంటర్ మనిషినే వెంటబెట్టుకుని రా, ఖర్చయినా పర్లేదు.