మహిమ జరిగితే దేవుడు ఉన్నట్టేనా? మీకు ఎదురైనవి చెప్పండి

విజయనగర్ వాసి:
పోయినేడాది అమ్మకు ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ వచ్చి ఇక్కడే, బెంగళూరులో, పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. పిన్ని పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ఏడుకొండలవాడికి ముడుపు కట్టింది. మర్నాడు పొద్దున్నే అమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. "ఇంతకన్నా రుజువేం కావాలి?" అంటున్నారు ఇంట్లో. అవుననలేను, కాదనలేను.

బసవనగుడి పాతకాపు:
1995 సెప్టెంబర్ 21. వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరంతా గుళ్ళకు పరుగెత్తింది. నాకు పన్నెండేళ్ళు. చెంచా తొండానికి ఆనిస్తే పాలు తగ్గిపోయాయి, నా కళ్ళారా చూశాను. ఇంటికొచ్చాక నాన్న పాలలో చిటికెడు పసుపు కలిపి మా దేవుడి గూట్లో రాతి వినాయకుడికి పట్టారు. చెంచా ఖాళీ అయింది. తొండం కింద నుంచి బొజ్జ మీదుగా సన్నటి పచ్చ గీత, పీఠం దగ్గర చిన్న మడుగు. ఢిల్లీలో శాస్త్రవేత్తలు కూడా రంగు పాలతోనే చూపించారని తర్వాత తెలిసింది. తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి, తడి రాయి మీద పలచటి పొరలా జారిపోతాయి. పాలు తగ్గడం నిజం. "తాగాడు" అన్నది మేం కలుపుకున్న మాట. నాన్న ఆ బొమ్మను శుభ్రంగా తుడిచి, రోజూలాగే దీపం పెట్టారు.

కన్నడ గడ్డ మీద తెలుగు:
1976లో బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమలను పరీక్షించడానికి కమిటీ వేశారు. మహిమను రుజువుగా చూపిస్తే పరీక్షకూ నిలబడాలి కదా.

గవిపురం కోడలు:
మా గవి గంగాధరేశ్వర గుడిలో సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్య నుంచి వచ్చి లింగం మీద పడుతుంది. అది సూర్యుడి దారి లెక్కకట్టి గుడిని అమర్చినవాళ్ళ పనితనం. ఆ సంగతి తెలిశాక కూడా నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. నాకు మహిమ అవసరం పడలేదు.

రాత్రి డ్యూటీ:
పద్నాలుగేళ్ళు ఐసీయూలో నర్సుగా చేశాను. మొక్కు లేని మంచం చూసిన గుర్తు లేదు. దిండు కింద విభూతి పొట్లం, తాయెత్తు, జపమాల, వేళాంకణ్ణి నూనె సీసా. ఒకసారి ఆరేళ్ళ పాప. తల్లి ముంజేతికి తొమ్మిది రకాల దారాలు, తడిసి రంగు కారుతున్నాయి. పాప దక్కలేదు. బతికినవాళ్ళ మొక్కు ఊరంతా తెలుస్తుంది, ఆ తల్లి మొక్కులు ఎవరికీ తెలియవు. అమ్మ లేవడం రుజువైతే, ఆ పాప దేనికి రుజువు? ఇది ఎవరినీ నొప్పించడానికి కాదండీ. నన్నింకా వదలని ప్రశ్న.

విజయనగర్ వాసి:
అక్కా, మీరు రాసింది చదివి పిన్నిని అడిగాను. ముడుపుకు ముందు నాలుగు మొక్కులు మొక్కిందట, ఇంట్లో ఎవరికీ గుర్తు లేవు. డిశ్చార్జ్ కాగితాలు తీసి చూస్తే, ముడుపుకు రెండు రోజుల ముందే యాంటీబయాటిక్ మార్చారు. ఇది రుజువని ఇక అనను. పిన్నితో వాదించను కూడా, ఆ పదకొండు రోజులూ తను నిద్రపోలేదు. వచ్చే నెల ముడుపు చెల్లించడానికి అందరం తిరుమల వెళ్తున్నాం. అమ్మ మెట్లెక్కుతానంటోంది, నాకు ఆ టెన్షనే.