ఇష్టమైన ఫోటోకి తప్పులు చెప్పాలా, చెప్పకూడదా?

స్వర్ణాల గట్టు, నెల్లూరు:
పోయిన ఆదివారం మన ఫోటో గ్రూపువాళ్లం కొందరం నెల్లూరులో కలిసి, ఎవరికి బాగా ఇష్టమైన సొంత ఫోటో వాళ్లు తెచ్చి చూపించుకున్నాం. రానివాళ్ల కోసం జరిగింది చెబుతాను.

నేను తెచ్చింది 2018 సెప్టెంబరులో రొట్టెల పండుగప్పటిది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మా అమ్మ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకుంటోంది. బయటి ఊళ్లవాళ్లకు ఒక మాట: కోరిక ఉన్నవాళ్లు ఆ నీళ్లలో రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అలాంటివాళ్లకు రొట్టె వదులుతారు. ఆ ఏడు మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆయన గట్టు మీద కుర్చీలో ఉన్నాడు. ఎడమ అంచున ఉన్నది రొట్టె ఇచ్చినామె చెయ్యి. అమ్మ రొట్టె అందుకుంటూ ఆయన వైపే చూస్తోంది.

వచ్చిన మాటలు ఇవి. హొరైజన్, అంటే వెనక గట్టు గీత, వంగింది. అమ్మ ముఖం మీద నీడ పడింది. ఎడమ అంచున ఎవరిదో తెగిన చెయ్యి ఉంది, క్రాప్ చేసేయండి. 2019లో అమ్మ రొట్టె వదులుతున్నప్పుడు తీసిన ఫోటో కూడా నా ఫోన్‌లో ఉంది. అది చూసి, ఇదే మంచిది, ప్రింట్‌కి ఇది ఇవ్వండి అన్నారు. నిజమే, అందులో పొద్దుటి వెలుతురు ఉంది, గట్టు తిన్నగా ఉంది, అమ్మ నవ్వుతోంది. కానీ నాకు ఇష్టమైంది అది కాదు.

నన్ను ఎవరూ నొప్పించలేదు. అందరూ మర్యాదగానే చెప్పారు. అయినా ఇంటికి వచ్చాక ఒక రోజంతా ఆ ఫోటో తెరవలేకపోయాను. అందుకే అడుగుతున్నాను. పోటీకి పెట్టిన ఫోటో వేరు. 'ఇది నాకు ప్రాణం' అని చూపించిన ఫోటోకి కూడా తప్పులు లెక్కపెట్టాలా?

ఒంగోలు 50 ఎంఎం:
చెయ్యి క్రాప్ చేయమన్నది నేనే అన్నా. మీ మనసు కష్టపడినందుకు బాధగా ఉంది. చెప్పినందుకు మాత్రం కాదు.

నా సంగతి చెబుతా. కొత్తపట్నం బీచ్‌లో నేను తీసిన సూర్యోదయాలకు ఏడాదిపాటు 'సూపర్ అన్నా', 'కేక తమ్ముడూ', దండం బొమ్మలు, నిప్పు బొమ్మలు. ఒకసారి 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింట్ వేయించా. ఆకాశంలో కుడివైపు బూడిదరంగు మచ్చ. వెనక్కి వెళ్లి చూస్తే ఎఫ్ 16లో, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, తీసిన ప్రతి ఫోటోలో అదే చోట అదే మచ్చ. కెమెరా లోపల బొమ్మ పట్టే సెన్సార్ మీద దుమ్ము! అంతమంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు. కొందరికి కనపడే ఉంటుంది, నేను బాధపడతానని ఊరుకున్నారు. ఆ మంచితనం వల్ల నాకు ఒక ఏడాది ఫోటోలు పోయాయి.

ఇంకో సంగతి. ఆ చెయ్యి రొట్టె ఇచ్చినామెదని మీరు చెప్పేదాకా నాకు తెలియదు. నాన్నగారు గట్టు మీద ఉన్నారనీ తెలియదు. ఆ కథ మీ మనసులో ఉంది, ఫ్రేములో లేదు. ఫ్రేములో లేనిది లేదని చెప్పడం తోటివాడి పని కాదా? క్రాప్ చేస్తే పాపమూ లేదు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెసో క్రాపింగ్ అంటే గిట్టని మనిషి. ఆయన కూడా 1932లో పారిస్‌లో సాన్-లజార్ స్టేషన్ వెనక నీటిగుంట దూకుతున్న మనిషి ఫోటోను క్రాప్ చేసే ప్రింట్ వేశాడు.

పాత స్టూడియో, కావలి:
ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది గానీ, నేను ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఒకటి చెప్పాలి.

రీలు రోజుల్లో తుమ్మలపెంట వైపు నుంచి ఒక చేపలవాళ్ల ఇంటామె వచ్చింది. పోయిన భర్త పాస్‌పోర్ట్ ఫోటో ఒకటే ఉంది, గోడకు పెట్టుకునేంత పెద్దది చేసివ్వమంది. అప్పట్లో నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో టచప్ చేసేవాళ్లం. ఆయన నుదుటి మీద గాటు ఉంటే రెండు గంటలు కూర్చుని నున్నగా తీసేశా. పని బాగా కుదిరిందని మురిసిపోయా. ఆమె చూసి, 'ఈయన మా ఆయన కాదయ్యా' అంది. తెడ్డు తగిలి పడిన గాటు అట అది. మళ్లీ కాపీ తీసి, గాటుతోనే ఇచ్చా.

ఆ రోజు నుంచి ఏ ఫోటో చేతికొచ్చినా, ఇందులో నువ్వు చూసుకునేది ఏది అని ముందు అడిగేవాణ్ణి. ఒంగోలు తమ్ముడూ, నువ్వు చెప్పినవి తప్పులే. అడగకుండా చెప్పావు, అదొక్కటే నా అభ్యంతరం. నీ ఆకాశంలో మచ్చను ఎవరూ ప్రేమించరు. ఆ చెయ్యి అలాంటిది కాదు. రెంటినీ ఒకే నోటితో 'డిస్టర్బెన్స్' అనేస్తే ఎట్టా?

ఒంగోలు 50 ఎంఎం:
పెద్దాయనా, అడగకుండా చెప్పానన్నది ఒప్పుకుంటా. కానీ అడిగితే కథ ముందే తెలిసిపోతుంది. కథ తెలిశాక ఎవడికీ తప్పు కనపడదు. తెలియని కన్ను ఒక్కసారే దొరుకుతుంది. దాన్ని వృథా చేయకూడదని నా పట్టు.

గూడబాతు:
నేను పక్షుల ఫోటోలు తీస్తాను. మా దగ్గర ఈ ఫీడ్‌బ్యాక్ ఇంకో రకంగా చేటు చేస్తుంది.

నేలపట్టు పక్షుల కేంద్రం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పటి నుంచి, అంటే 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లకముందు నుంచి, ప్రతి సీజన్‌కీ పోతున్నా. నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, దూరంగా, ఆకుల మధ్య. నాకు బాగా ఇష్టమైన ఫోటోలో పిట్ట చిన్నది, చెట్టు పెద్దది. చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: 'ఇంకా దగ్గరగా తీయాల్సింది'. ఆ మాట పదిసార్లు వింటే కొత్త కుర్రాడు ఏం చేస్తాడు? గూటి దగ్గరికి పోతాడు. తల్లి లేచిపోతే గుడ్లకు ఎండ కొడుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. దూరం అక్కడ తప్పు కాదు, ఆ ఫోటో తీసినవాడి బుద్ధి అది. చెప్పే ముందు, నా మాట విని ఇతను రేపు ఏం చేస్తాడు అని ఆలోచించుకోవాలి.

కందుకూరు నుంచి:
నేను ఎక్కువ రాయను. రొట్టెల పండుగలో ఆడవాళ్లం తడిసిన చీరల్లో ఉంటాం. కెమెరాలు చూస్తే టెన్షన్‌గా ఉంటుంది. ఎవరో తెలియనామె ముఖం లేకుండా చెయ్యి మాత్రమే ఉండటం నాకు ఆ ఫోటోలో నచ్చింది. అన్నయ్యా, ఆ చెయ్యి తీయకండి. తీయమన్నవాళ్లను తప్పుపట్టకండి కూడా. ఒకటి అడగాలి: అది మణికట్టు దగ్గర అంత సూటిగా ఎందుకు తెగింది? మీరు తీయడమే అలా తీశారా, తర్వాత కోశారా?

స్వర్ణాల గట్టు, నెల్లూరు:
చెల్లెమ్మా, నీ ప్రశ్న చూసి పాత హార్డ్ డిస్క్ తీశాను.

2018లో ఫోన్‌లో పెట్టుకోవడానికి ఆ ఫోటోను నేనే చదరంగా కోశాను. కోసిన సంగతే మర్చిపోయాను. ఆరేడేళ్లుగా అదే నా ఫోటో అనుకుంటున్నా. అది కూడా వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న కాపీ, సైజు తగ్గిపోయింది. నీడలో అమ్మ కళ్లు నలుపు ముద్దలా కనపడటానికి అదీ ఒక కారణమే. అసలు ఫైల్‌లో ఎడమవైపు ఆమె చెయ్యి మోచేతి దాకా ఉంది. ఆకుపచ్చ గాజులు, వేళ్ల మధ్య రొట్టె అంచు. ముఖం లేదు. కుడివైపు చివర గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ, నాన్న మోకాళ్లు, ఒక చెయ్యి. ఫోకస్‌లో లేవు గానీ ఉన్నాయి.

ఒంగోలు తమ్ముడూ, కథ ఫ్రేములో లేదన్నావు. నిజం. ఉన్నదాన్ని నేనే కోసి పారేశాను. నువ్వు ఆ మాట అనకపోతే ఇది తెరిచేవాణ్ణి కాదు. అయినా నా ప్రశ్న నాకు అలాగే ఉంది. ఆ రోజంతా ఫోటో చూడలేకపోయిన బాధ కూడా నిజమే. పెద్దాయన అడిగినట్టు ముందు అడిగి ఉంటే, ఆదివారమే ఇక్కడికి చేరేవాళ్లమేమో.

అసలు ఫోటో పెడుతున్నాను. ఈసారి నేనే అడుగుతున్నా. గట్టు తిన్నగా రావాలంటే 3 డిగ్రీలు తిప్పాలి. తిప్పితే అంచులు పోతాయి, గాజులో, నాన్న కుర్చీయో కొంత తెగుతుంది. తిప్పమంటారా?

పాత స్టూడియో, కావలి:
తిప్పొద్దు. నీళ్లలో నిలబడి తీసినవాడి చెయ్యి ఆ మాత్రం వంగుతుంది.

గూడబాతు:
ఒకటిన్నర డిగ్రీ తిప్పి చూడండి. గాజుల దాకా రాకపోవచ్చు.

ఒంగోలు 50 ఎంఎం:
ఇప్పుడు చూశా. చాలాసేపు చూశా. వంగిందే ఉంచండి అన్నా, క్రాప్ మాట వెనక్కి తీసుకుంటున్నా. అమ్మ ముఖం మీద నీడలో మాత్రం కొంచెం వెలుతురు పెంచండి. అసలు ఫైల్ ఉంది కాబట్టి కళ్లలో వివరం వస్తుంది. ఆమె చూపు కుర్చీ వైపు ఉందని అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోను.