‘టీచ్ మి’ ఒప్పయితే ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు తప్పు?

మొన్న ఆదివారం మా మేనకోడలు ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతూ ఒక వాక్యం రాసుకుంది: ‘కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్రాజెక్ట్?’ ఫోన్‌లో దాని కింద ఎర్ర గీత పడింది. “మామయ్యా, టీచ్ మి ఒప్పు, టెల్ మి ఒప్పు, షో మి ఒప్పు. ఇదొక్కటే ఏం పాపం చేసింది?” అని అడిగింది. “అది అంతేనమ్మా, టు పెట్టాలి” అని తప్పించుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి బతుకుతున్నవాణ్ణి, ‘అది అంతే’ అన్నందుకు నాకే సిగ్గేసింది. నాలుగు రోజులు ఆలోచించి, తేలినంత మన గ్రూపులో ఇక్కడ పెడుతున్నాను.

ముందు మన సంగతి. ‘మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చాం’ అనే వాక్యంలో మాటల్ని ఎటు తిప్పినా పెళ్ళికూతురు మారదు, పెళ్ళికొడుకు మారడు. ‘ని’, ‘కి’ కాపలా కాస్తుంటాయి. ఇంగ్లీషులో ఆ కాపలా లేదు. ‘వియ్ షోడ్ ది డాక్టర్ ది బేబీ’ అంటే డాక్టరుకి పాపని చూపించాం. ఆ ఇద్దరినీ అటూ ఇటూ మార్చారా, పాపకే డాక్టర్ని చూపించినట్టు! క్రియ పక్కనే నిలబడ్డది పుచ్చుకునే మనిషి, ఆ తరవాతది వస్తువు. అక్కడ వరసే విభక్తి.

ఒకప్పుడు వాళ్ళకీ ప్రత్యయాలు ఉండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘హిమ్’ అంటే ‘అతనికి’. ‘అతన్ని’ అనడానికి ‘హినె’ అని వేరే మాట ఉండేది. తోకలన్నీ అరిగిపోయి ఇప్పుడు రెండు పనులూ ‘హిమ్’ ఒక్కటే చేస్తోంది. మన ‘కి’ అరిగిపోయి ఉంటే మనమూ వరసనే నమ్ముకునేవాళ్ళమేమో.

ఇక అసలు ప్రశ్న. గివ్, టెల్, టీచ్, షో, సెండ్, లెండ్, సెల్ అన్నీ ఆ ఇంటి పాత మాటలు, పొట్టివి. వీటి పక్కన మనిషిని, వస్తువుని టు లేకుండా కూర్చోబెట్టొచ్చు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి మాటలు, వాటి వెనకాలే లాటిన్ మాటలు గుంపులుగా వచ్చి చేరాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, డొనేట్ ఆ కోవలోవి. వీటికి పాత క్రియల చనువు ఇవ్వలేదు. మనిషిని తేవాలంటే టు వెంట ఉండాల్సిందే: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’. మనకి మాత్రం ‘నాకు చెప్పు’, ‘నాకు వివరించు’ ఒకే అచ్చు. అందుకే ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ మన నోట అంత హాయిగా వచ్చేస్తుంది. ‘సజెస్ట్ మి ఎ గుడ్ హోటల్’ అయితే మన వాట్సాప్ గ్రూపుల్లో రోజుకొకసారైనా కనబడుతుంది.

టు పెట్టాలా, ఫర్ పెట్టాలా అన్నది ఇంకో తలనొప్పి. దీనికి మన తెలుగులోనే ఒక కిటుకు ఉందని నాకు అనిపిస్తోంది. నాకు ఇవ్వు, పంపు, చూపించు: ఇవి టు. నాకు కొనిపెట్టు, వండిపెట్టు, చేసిపెట్టు, వెతికిపెట్టు: ఇవి ఫర్. ‘బై మి ఎ పెన్’ని విడదీస్తే ‘బై ఎ పెన్ ఫర్ మి’. తెలుగులో సహజంగా ‘పెట్టు’ తగిలించే చోట ఇంగ్లీషులో ఫర్ వస్తోంది. మేనకోడలికి ఇది చెబితే పది క్రియలు గబగబా సరిగ్గా చెప్పేసింది. మీరూ పరీక్షించి చూడండి.

*

పోస్టు కింద వచ్చిన కామెంట్లు:

ఒక సభ్యురాలు: కిటుకు బావుందండీ. కానీ ‘తలుపు తీసిపెట్టు’ అంటాం కదా, ‘ఓపెన్ మి ది డోర్’ అనొచ్చా మరి?

నేను: అనకూడదండీ, మంచి చోట పట్టుకున్నారు. ‘ఓపెన్ ది డోర్ ఫర్ మి’ అనే అనాలి. ఫర్ వరకూ కిటుకు పనిచేసింది, ఫర్ తీసేసి మనిషిని ముందుకు జరపడం దగ్గర ఆగింది. అలా జరపాలంటే చివరికి ఆ వస్తువు ఆ మనిషి చేతికి రావాలి. పెన్ను కొంటే చేతికొస్తుంది. తలుపు తీస్తే తలుపు మన చేతికి రాదు కదా! అదే సోడా సీసా మూత తీసి ఇమ్మంటే ‘ఓపెన్ మి ఎ సోడా’ అనొచ్చు.

అదే సభ్యురాలు: ఓహో. అయితే ‘హైదరాబాదుకి పార్సిల్ పంపాను’ కూడా అంతేనా?

నేను: సరిగ్గా అంతే. ‘ఐ సెంట్ హర్ ఎ పార్సిల్’ ఒప్పు, ‘ఐ సెంట్ హైదరాబాద్ ఎ పార్సిల్’ అంటే వింతగా ఉంటుంది. ఊరు పుచ్చుకోదుగా. హైదరాబాద్ అంటే అక్కడి హెడ్డాఫీసు అని మీ ఆఫీసులో వాడుక ఉంటే అప్పుడు చెల్లుతుంది. మన ‘కి’ మనిషికీ ఊరికీ ఒకటే కాబట్టి ఈ తేడా మనకి తట్టదు.

ఐటీలో పనిచేసే ఒక సభ్యుడు: అన్నా, ‘అసైన్ మి ఎ టాస్క్’ అని మా మేనేజర్ దగ్గర రోజూ అంటాం. అసైన్ లాటిన్ మాటే కదా? ప్రామిస్, గ్యారంటీ కూడా బయటివే. నీ రూల్ అప్పుడే పడిపోయింది.

నేను: పూర్తిగా పడిపోలేదు తమ్ముడూ, కుంటుతోంది. ప్రామిస్‌లో ఊనిక, అంటే పలికేటప్పుడు గట్టిగా నొక్కడం, మొదటి అక్షరం మీద ఉంటుంది కాబట్టి అది పాత పొట్టి మాటల్లో కలిసిపోయిందని ఒక వివరణ ఉంది. గ్యారంటీకి అదీ పనికిరాదు. అసైన్, అవార్డ్, గ్రాంట్ లాంటివి ఒకరి వాటా ఒకరికి పంచి ఇచ్చే మాటలు, వాటిని లోపలికి రానిచ్చారు. ఇంటి మాటా, వలస మాటా అన్నది మొదటి అంచనాకే పనికొస్తుంది. నిన్నగాక మొన్న పుట్టిన ‘ఈమెయిల్ మి’, ‘టెక్స్ట్ మి’ చూడు, దర్జాగా ముందు వరసలో కూర్చున్నాయి.

మరో సభ్యుడు: ‘నాకు’ చతుర్థి, ‘నన్ను’ ద్వితీయ. స్కూల్లో చెప్పింది ఇదేగా, ఇంత చర్చ ఎందుకు?

రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు: నాయనా, మన పుస్తకంలో చతుర్థి ‘కొఱకున్, కై’. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠి. కాబట్టి తెలుగు లెక్కలో ‘నాకు’ షష్ఠి. సంస్కృతంలో దానం పుచ్చుకునేవాడికి చతుర్థి వస్తుంది, ఆ పని తెలుగులో ‘కు’ చేస్తుంది. అందుకే నీకు చతుర్థి అనిపించింది.

ఇంకో ముక్క. రెండు కర్మలూ ద్వితీయలోనే ఉండే క్రియలకి సంస్కృతంలో ఒక జాబితా ఉంది. ‘గాం దోగ్ధి పయః’ అంటే ఆవు నుంచి పాలు పితుకుతున్నాడు, కానీ ఆవూ పాలూ రెండూ ద్వితీయే. ఆ జాబితాలో యాచించడం ఉంది, ప్రశ్నించడం ఉంది. ఇవ్వడం లేదు. మన తెలుగు కూడా చిత్రంగా అదే దారి. ‘నన్ను వంద రూపాయలు అడిగాడు’ అంటాం, ‘నాకు అడిగాడు’ అనం.

నేను: మాస్టారూ, నమస్కారం. నేను విన్నంతలో మనవాళ్ళు ‘టెల్ టు మి’ అన్నంతగా ‘ఆస్క్ టు మి’ అనరు. ఎందుకా అనుకునేవాణ్ణి. ‘నాకు చెప్పు’లో ‘కు’ ఉంది, ‘నన్ను అడుగు’లో లేదు. అదన్నమాట!

మాస్టారు: అదే. ఆ జాబితాకి పాఠం చెప్పేటప్పుడు ‘బలిం యాచతే వసుధాం’ అని ఉదాహరణ ఇస్తారు. తెలుగులో చెప్పుకో: వామనుడు బలిని మూడడుగులు అడిగాడు, బలి వామనుడికి మూడడుగులు ఇచ్చాడు. అడిగినప్పుడు ‘ని’, ఇచ్చినప్పుడు ‘కి’. మీ మేనకోడలికి ఇది కూడా చెప్పు.

నేను: చెప్పాను మాస్టారూ. “మరి అడుగులు కూడా అడుగేనా?” అని మొదలుపెట్టింది. దానికి ఇంకో పోస్టు పెట్టాలి.