సమస్యాపూరణం: బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె

నిర్వాహకుడు (గవర్నర్‌పేట):
నిన్న, అంటే 2025 జూలై 22న, టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో 16వ స్టేజీ (పదహారో రోజు పందెం) చూసినవాళ్ళకి ఇంకా ఆ వేడి తగ్గి ఉండదు. మోంపెలియే నుంచి మాన్ వెంటూ శిఖరం దాకా 171.5 కిలోమీటర్లు, చివర్లో చెట్టు నీడ కూడా లేని ఆ తెల్లరాళ్ళ కొండ. వాలెంటిన్ పారే-పాంత్ర్, బెన్ హీలీ ఇద్దరూ ఆఖరి మలుపు దాకా ఒకరినొకరు వదలకుండా వెళ్ళి, చివరి కొన్ని మీటర్లలో ఫ్రాన్స్ కుర్రాడు పారే-పాంత్ర్ ముందుకు దూకాడే, అప్పుడు మా ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. ఈ ఏడాది టూర్‌లో ఫ్రెంచివాళ్ళకి అదే మొదటి స్టేజీ గెలుపు. వెనకాల వింగెగోర్ ఎన్నిసార్లు హఠాత్తుగా వేగం పెంచి దాడి చేసినా, పసుపు చొక్కాలో ఉన్న పొగచర్ అతని చక్రం వదల్లేదు, గీత దగ్గర తిరిగి 2 సెకన్లు లాక్కున్నాడు కూడా.

ఆ కొండ చూస్తే నాకు 2016 గుర్తొచ్చింది, అందుకే ఈ సమస్య. టూర్‌లో మొత్తం మీద ముందున్నవాడు తొడిగేది పసుపు చొక్కా. ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. సైకిలూ పసుపూ ఒకే పాదంలో వస్తే మన బెజవాడ, గుంటూరుల్లో ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటుంది, దయచేసి ఆ దారి వద్దు. కొండ మీద జరిగినదైతే సంతోషం, వేరే ఊహైనా సరే.

పటమట:
మాష్టారూ, నేనే ముందు. 2016 జూలై 14, అదే కొండ.

జనము మూగి దారి చాలకుండఁగ నాగె
మోటరొకటి ముందు, ముక్కలైన
సైకిలు విడనాడి సాగెఁ బరుగుతోడ
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

ఆ రోజు శిఖరం మీద గాలి భయంకరంగా ఉందని ముగింపు గీతని 6 కిలోమీటర్లు కిందికి, షాలే రెనార్ దగ్గరికి దించేశారు. కొండంతా పరుచుకోవాల్సిన జనం ఆ కింది ముక్కలో ఇరుక్కుపోయారు. ఆఖరి కిలోమీటరు దగ్గర మోటారుసైకిలు టక్కున ఆగింది, పందెగాళ్ళలో పోర్ట్ అనేవాడు దానికి గుద్దుకున్నాడు, మోలెమా, ఫ్రూమ్ అతని మీద పడ్డారు. ఫ్రూమ్ బండి విరిగింది. పసుపు చొక్కాతో, కాళ్ళకి పెడల్‌కి బిగుసుకునే ఆ క్లీట్ల బూట్లతోనే తారు రోడ్డు మీద పరుగు! నేను ఆ వీడియో ఎప్పుడు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది.

నిర్వాహకుడు:
ధార బాగుంది. మొదటి పాదంలో జ-చా, మూడో పాదంలో సై-సా, యతులన్నీ సరిపోయాయి. ‘మోటరొకటి ముందు’ దగ్గర ఆగి, తర్వాతి పాదంలోకి జారడం నాకు చాలా నచ్చింది, నిజంగా గుద్దుకున్నట్టే ఉంది. కానీ ఒక్క లోటు. అతను పరిగెత్తాడు సరే, పరిగెత్తినవాడికి పసుపు ఎలా వచ్చింది? మూడో పాదం నుంచి నాలుగో పాదానికి మధ్య మెట్టు లేదు. ఆ పరుగు వల్ల ఫ్రూమ్ వెనకబడ్డాడు, మొదట చూపించిన లెక్కల్లో పసుపు చొక్కా ఇంకో పందెగాడు ఆడమ్ యేట్స్‌ది. తెలిసినవాడు సర్దుకుంటాడు, తెలియనివాడికి పద్యం విప్పిన ముడి కనపడదు. సమస్య ఇచ్చేదే ఆ ముడి కోసం కదండీ.

కొత్తపేట కుర్రాడు:
సార్, బండి లేకుండా పరిగెత్తితే పోటీలోంచి తీసెయ్యరా? అప్పుడు సమస్యే చెల్లదు కదా.

పటమట:
తమ్ముడూ, నడిచి గీత దాటినా తప్పు కాదు, బండి మాత్రం వెంట ఉండాలి. ఫ్రూమ్ పరిగెత్తింది కొంత దూరమే. తటస్థ సర్వీసు (ఏ టీముకైనా సాయం చేసేవాళ్ళు) ఇచ్చిన సైకిలు అతనికి చిన్నది, పెడల్‌కి అతని బూటు కుదర్లేదు, తర్వాత టీము కారులోంచి ఇంకో బండి వచ్చింది. దాని మీదే గీత దాటాడు.

బ్రాడీపేట అక్కయ్య:
మాష్టారు అడిగిన మెట్టు నేను వేశాను చూడండి.

పందెమందు ఫ్రూము పరుగు తీసెను గదా
తప్పు తనది కాదు, ధర్మమనుచుఁ
దీర్పరులు సమయము దిద్ది యిచ్చిరి నాఁడె
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

తెనాలి మాష్టారు:
అమ్మా, భావం దగ్గర మీరు సరిగ్గా పట్టుకున్నారు. జరిగిందీ అదే. ఫ్రూమ్‌కీ పోర్ట్‌కీ మోలెమా సమయాన్నే ఇచ్చారు, ఆ తర్వాత యేట్స్ కంటే ఫ్రూమ్ 47 సెకన్లు ముందున్నాడు. ‘తప్పు తనది కాదు’ అన్న మూడు మాటల్లో తీర్పంతా ఉంది.

కానీ మొదటి పాదంలో గణం తప్పింది. ‘పందెమందు ఫ్రూము’ అన్నప్పుడు ‘ఫ్రూ’ సంయుక్తాక్షరం కాబట్టి దాని ముందున్న ‘దు’ గురువైపోతుంది. ‘మందు’ రెండు గురువులు, సూర్యగణం కాదు. రేఫ కలిసినచోట తేల్చి పలికితే లఘువుగానే నిలుస్తుందని వాదించేవారున్నారు గానీ, పోటీ పద్యంలో ఆ వాదం మీద నిలబడటం నాకిష్టం లేదు. ఇలా మార్చుకోండి:

పందెమున నతండు పరుగు తీసెను గదా

పేరు పోతుంది, గణం నిలుస్తుంది.

బ్రాడీపేట అక్కయ్య:
పేరు పోవడమే బాధగా ఉంది మాష్టారూ. ఆ కొండ మీద పరిగెత్తింది ఎవరో చెప్పని పద్యం నాకు సగం పద్యంలా అనిపిస్తోంది. అయినా మీ సవరణే తీసుకుంటాను. ఆ ‘గదా’ కూడా ఊరికే పడిందని నాకు తెలుసు, ఇంకా మంచి మాట తట్టలేదు.

నిర్వాహకుడు:
అక్కయ్యా, ‘గదా’ని నేను తప్పు పట్టను. జరిగిన విషయం అందరం చూశాం అనే ధ్వని అందులో ఉంది.

కొత్తపేట కుర్రాడు:
నిన్నటి స్టేజీ మీదే రాద్దామని పట్టుబట్టాను. ఇది నా మొదటి పద్యం, గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టి రాశాను.

గీత దాటినంత గెలుపు లెక్కలు తేల
వేది కెక్కె నతఁడు వేడ్క మీర
పొగచరునకు నేఁడు బొమ్మసింగము నీయ
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

పటమట:
శభాష్ రా తమ్ముడూ! బొమ్మసింగం! పసుపు చొక్కాతో పాటు చేతిలో పెట్టే ఆ సింహం బొమ్మని పద్యంలోకి తెచ్చావు చూడు, నేను పొరపాటున కూడా ఆలోచించలేదు. పొ-బొ యతి కూడా దానంతటదే పడింది.

తెనాలి మాష్టారు:
గణాలు, యతులు అన్నీ శుద్ధం. మొదటి పద్యమంటే నమ్మశక్యంగా లేదు, నాయనా, ఆపకుండా రాయి.

ఇప్పుడు విషయానికొస్తాను. నువ్వు ముడిని విప్పలేదు, ముడి లేదని చెప్పావు. పసుపు తొడిగే ప్రతివాడూ సాయంత్రం బండి దిగి వేదిక ఎక్కాల్సిందే కాబట్టి ఇందులో వింత లేదన్నావు. అది తెలివైన దారే, అవధానాల్లో కూడా పృచ్ఛకుడు గట్టిగా బిగించిన సమస్యని కవి ఇలా చిటికెలో వదులు చేసిన సందర్భాలు చూశాం. కానీ ఇక్కడ ‘వాఁడె’ అని ఉంది. దిగినవాడే, ఇంకొకడు కాదు అనే బలం అందులో ఉంది. నీ పూరణలో అందరూ దిగుతారు, అందుకని ఆ బలం ఖర్చు కాకుండా మిగిలిపోయింది. అక్కయ్య పద్యంలో అది పూర్తిగా ఖర్చయింది.

మంగళగిరి:
నాకు సైకిలు పందేల గురించి పెద్దగా తెలియదు, మా వాళ్ళు ఆదివారం తెల్లవారుజామున కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కడానికి పోతుంటే ఫ్లాస్కులో టీ పోసివ్వడం వరకే. నాది పెళ్ళి పద్యం.

పెండ్లికొడుకు వచ్చె వేడ్కగా బండిలో
విడిది యింట దిగెను, పెద్దలిడిన
కొత్త పంచెఁ గట్టి కూర్మితో మురియఁగా
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

నిర్వాహకుడు:
చదవగానే విడిది ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. పెద్దలిడిన కొత్త పంచె అనడంతో పసుపు రాసిన అంచు కూడా కనపడింది, మీరు చెప్పకుండానే. చిన్న అభ్యంతరం, పంచె కడతాం, తొడగం. అక్కడ సమస్య మీ ఊహకి అడ్డం తిరిగింది. అయినా పందెం వదిలి వెళ్ళినందుకు మార్కులు తగ్గవు. దుగ్గిరాల పసుపు యార్డు మీద ఎవరైనా రాస్తారేమో అని కూడా ఎదురు చూశాను, ఇంత దగ్గర్లో పెట్టుకుని ఎవరూ రాయలేదు!

ఇంకో సభ్యుడు టామ్ సింప్సన్ మీద పద్యం పంపారు. 1967 జూలై 13న ఆ వెంటూ మీదే, ఎక్కుతూ ఎక్కుతూ పడిపోయి చనిపోయిన మనిషి ఆయన. పద్యం బాగానే ఉంది, కానీ ఆ రోజు ఆయన ఒంటి మీద పసుపు లేదు, పసుపు కోసం ఆ చావుని మెలిపెట్టడం నాకు మనస్కరించలేదు. రాసినవారితో మాట్లాడే పక్కన పెట్టాను.

తెనాలి మాష్టారు:
ఇక నాది. ఫ్రూమ్‌ని వదిలేసి ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్ళాను.

కొండ నడిచి దిగెను, కొలిమిలో ఫోర్కునుఁ
దానె కొట్టి యతికె, దారుణమగు
యుద్ధ మణఁగినంత యోధుఁడై తొలిసారి
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

యూజెన్ క్రిస్తోఫ్ కథ ఇది. 1913లో తూర్మలే కొండ దిగుతుంటే సైకిలు ముందు ఫోర్కు విరిగింది. అప్పటి నియమం ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు, రిపేరు తనే చేసుకోవాలి. బండి భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్-మారీ-ద-కాంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గరికి చేరాడు. అధికారులు చుట్టూ నిలబడి చూస్తుండగా ఇనుము కాల్చి, సమ్మెట కొట్టి ఫోర్కు తనే అతుక్కున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయని ఒక పిల్లాడు తిత్తి ఊదాడట, దానికి కూడా శిక్షగా సమయం కలిపారు! గంటల కొద్దీ పోయాయి, అయినా పందెం మధ్యలో మానలేదు.

తర్వాత యుద్ధం వచ్చి టూర్ ఆగిపోయింది. మళ్ళీ మొదలైన 1919లో, పందెంలో ముందున్నవాడు ఎవరో జనానికి తెలియాలని పసుపు చొక్కా పెట్టారు, పందెం నడిపే లోటో పత్రిక కాగితం రంగు అదే. జూలై 19న గ్రెనోబుల్‌లో ఆ చొక్కా మొట్టమొదట తొడిగింది ఎవరనుకున్నారు? ఈ క్రిస్తోఫే.

పటమట:
మాష్టారూ! ఇది కదా! దిగినవాడే, ఆ దిగినవాడే, ప్రపంచంలో మొదటి పసుపు చొక్కా తొడిగాడు. ఇంకొకడెవడికీ ఈ పాదం ఇంత సరిగ్గా పట్టదు.

కొత్తపేట కుర్రాడు:
తర్వాత గెలిచాడా సార్?

తెనాలి మాష్టారు:
లేదు నాయనా. అదే టూర్‌లో, ఇంకా పసుపు ఒంటి మీద ఉండగానే, చివరికొచ్చాక వాలెన్సియెన్ దగ్గర ఫోర్కు మళ్ళీ విరిగింది. ఫిర్మిన్ లాంబో గెలిచాడు. క్రిస్తోఫ్ టూర్ ఎప్పటికీ గెలవలేదు. అది కూడా పద్యంలో పెడదామనుకున్నాను గానీ నాలుగు పాదాల్లో పట్టలేదు.

బ్రాడీపేట అక్కయ్య:
మాష్టారూ, మీరు నా పద్యంలో పేరు తీయించారు, ఇప్పుడు మీ పద్యంలో నేను పేరు పెట్టిస్తాను. ‘యోధుఁడై’ అక్కడ పాదం నింపడానికి వచ్చిన మాట. యుద్ధం మాట ముందే ఉంది కాబట్టి, యుద్ధంలో గెలిచి వచ్చిన వీరుడెవరో అనుకునే ప్రమాదం కూడా ఉంది. ‘యు’కి ‘యూ’ యతి చెల్లుతుంది కదా, ఆయన పేరే ‘యూ’తో మొదలవుతోంది:

యుద్ధ మణఁగినంత యూజెను, తొలిసారి

యూజెను భగణం, తొలిసారి సలము. గణం చెడలేదు.

తెనాలి మాష్టారు:
అమ్మా, ఇంతసేపూ పేరు కళ్ళ ముందే ఉంది. ఆ పాదం మీదే. నా ‘యోధుఁడై’ తీసేశాను.

నిర్వాహకుడు:
ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ వారం మేలుపూరణ ఇది, ఇద్దరి పేర్లతో:

కొండ నడిచి దిగెను, కొలిమిలో ఫోర్కునుఁ
దానె కొట్టి యతికె, దారుణమగు
యుద్ధ మణఁగినంత యూజెను, తొలిసారి
బండి దిగినవాఁడె పసుపుఁ దొడిగె.

కుర్రాడి బొమ్మసింగానికి ప్రత్యేక అభినందన. పటమటగారు మూడో పాదంలో తీర్పు మాట చేర్చి మళ్ళీ పంపితే తప్పకుండా పెడతాను, ఆ మొదటి రెండు పాదాలు వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలదే: ‘చివర వచ్చినతఁడె జేత యయ్యె’. టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీపడే స్టేజీలో, పసుపు చొక్కావాడు అందరికంటే ఆఖరున బయల్దేరతాడన్నది గుర్తుంచుకోండి, అయితే అందరూ దాని మీదే పడొద్దు. ఆదివారం పారిస్ స్టేజీ మొదలయ్యేలోపు పంపండి.