పుట్టింటి నుంచి షుగర్ రీడింగులు ఫోన్‌లో పంపితే సరిపోతుందా?

గోరింటాకు:
నేను కడుపుతో ఉన్నాను, 30వ వారం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూస్తే 168 వచ్చింది, ప్రెగ్నెన్సీ షుగర్ అన్నారు. డాక్టర్ గారు వైజాగ్‌లో, నేను నర్సీపట్నంలో అమ్మ వాళ్లింట్లో, పోయి రావాలంటే రోజంతా పడుతుంది. అందుకే పరగడుపున ఒకటి, తిన్న ప్రతిసారీ గంటకి ఒకటి చూసి వాట్సాప్‌లో పెట్టమన్నారు. పరగడుపున 90 లోపే ఉంటోంది కానీ టిఫిన్ తర్వాత 150 దాటుతోంది, మధ్యాహ్నం అన్నం తిన్నా అంత రావట్లేదు! మా ఆడపడుచు చేతికి అతికిస్తే షుగర్ ఎంతుందో చూపిస్తూ ఉండే సెన్సర్ పెట్టించుకోమంటోంది, అమ్మేమో అన్నం మానేయమంటోంది. ఏం చేయాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

బర్మింగ్‌హామ్ కోడలు:
నాకు ఇక్కడ ఇంగ్లండ్‌లో హాస్పిటల్ వాళ్లే మీటర్ ఇచ్చి ఫోన్‌లో యాప్ వేయించారు, వేలు గుచ్చుకోగానే రీడింగ్ దానంతటదే వాళ్లకి వెళ్లిపోయేది, ఎక్కువొస్తే డయాబెటిస్ నర్సు ఫోన్ చేసేది. మీకు వాట్సాప్ అయినా ఫర్వాలేదు, కానీ ఒకటి తేల్చుకోండి: ఆ మెసేజ్ చూసేదెవరు, ఎన్నాళ్లకోసారి, ఆదివారం 200 వస్తే ఏ నంబర్‌కి చేయాలి. చూసి జవాబిచ్చే మనిషి లేకపోతే ఎన్ని పంపినా దండగే.

డైటీషియన్‌ని:
పొద్దున పూట కడుపుతో ఉన్నవాళ్లకి ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అందుకే రెండు ఇడ్లీలకే పెరుగుతుంది. ఇడ్లీ ఒకటి తగ్గించి గుడ్డో పెసరట్టో చేర్చి చూడండి. అన్నం మాత్రం పూర్తిగా మానకండి. మామూలుగా పరగడుపున 95 లోపు, గంటకి 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు ఉండాలంటాం. ఆ గంట మొదటి ముద్ద నుంచి లెక్క, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. మామిడిపండు కోసిన చేత్తో గుచ్చుకుంటే లేని షుగర్ కనిపిస్తుంది, ముందు సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. రీడింగ్ పక్కన ఏం తిన్నారో కూడా రాస్తేనే మాకు ఉపయోగం, ఉత్త అంకెలు పెడితే మేం చెప్పగలిగేది తక్కువ.

సెన్సర్ చెడ్డదేం కాదు, టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) ఉన్న గర్భిణులకి బాగా పనికొస్తుంది. మీకిప్పుడు మీటర్ చాలు. సెన్సర్ ఒక్కోటి దాదాపు రెండు వారాలే పనిచేస్తుంది, వేలల్లో ఖర్చు. పైగా అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో, అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
సెన్సర్ పెట్టుకున్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే ఉత్తుత్తినే తక్కువ చూపించి అర్ధరాత్రి అలారం మోగుతుంది, మా ఆయన నాకంటే ముందు లేచి కూర్చునేవారు. చెల్లీ, రేపు ఇన్సులిన్ మొదలుపెట్టినా భయపడకు, అది బిడ్డకి చేరదు. కాకపోతే గ్లూకోజ్ పొడి మంచం పక్కనే పెట్టుకో, 70 కంటే తగ్గితే మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగి పావుగంటకి మళ్లీ చూడు. ఇంకోటి, స్కానింగు, బీపీ వాట్సాప్‌లో అవ్వవు, వాటికి వెళ్లి తీరాలి. బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే మెసేజ్ పెట్టి బ్లూ టిక్ కోసం చూస్తూ కూర్చోకు, వెంటనే దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లిపో.

గోరింటాకు:
థాంక్సండీ, క్లినిక్‌కి ఫోన్ చేశాను. మెసేజ్‌లు సిస్టర్ చూస్తారట, ఆదివారాలకి వేరే నంబర్ ఇచ్చారు. డెలివరీ అయ్యాక ఈ గుచ్చుకోవడం ఆపేయొచ్చా?

డైటీషియన్‌ని:
చాలామందికి కాన్పు కాగానే తగ్గిపోతుంది. కానీ ఆరు వారాలకి మళ్లీ ఆ గ్లూకోజ్ నీళ్ల టెస్టు చేయించుకోవాలి, బిడ్డ పనుల్లో పడి అందరూ మర్చిపోయేది అదే. బిడ్డకి టీకా వేయించే రోజే పెట్టుకోండి.