అప్‌డేట్: ప్రాణహిత ఒడ్డు బాటలకు 45 ఎంఎం టైర్లు వేశాను

సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున, పత్తి చేల మధ్య బండ్ల బాటల్లో గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర బాటలకు చేసిన సైకిల్) తొక్కడానికి 35 ఎంఎం వెడల్పు టైర్లు సరిపోతాయా, ఇంకా వెడల్పువి కావాలా అని అడిగాను కదా. 45 వేయించాను, సలహా ఇచ్చిన అన్నలందరికీ థాంక్స్. గాలి 30 పీఎస్‌ఐకి తగ్గించాక చేతుల తిమ్మిరి పోయింది. అన్నిటికంటే మంచి పని ట్యూబ్‌లెస్ చేయించడం: తుమ్మ ముల్లు దిగితే లోపలి సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) తెల్లగా బుస్సుమని చిమ్మింది, చక్రం నాలుగు తిప్పులు తిప్పేసరికి చిల్లు పూడిపోయింది, ఇంటిదాకా మళ్లీ గాలి కొట్టే పని పడలేదు.

ఇక నల్లరేగడి. ఎండితే గట్టిగా బాగుంటుంది గానీ, వాన పడితే టైరుకు ముద్దలుగా చుట్టుకుని ఫోర్కులో (చక్రాన్ని పట్టుకునే ముందు కొమ్ముల్లో) ఇరుక్కుంటుంది, చక్రమే తిరగదు, టైరు వెడల్పయ్యేకొద్దీ టైరుకూ ఫోర్కుకూ మధ్య సందు ఇంకా తగ్గుతుంది కాబట్టి కొనేముందే ఫ్రేములో రెండు పక్కలా ఖాళీ చూసుకోండి. బాట ఆరేదాకా నేను గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు తారురోడ్డే పడుతున్నాను.

పత్తి ఏరే రోజుల్లో బండ్లు ఎదురొస్తాయి. దిగి పక్కకు నిలబడండి, అది రైతుల బాట. మిర్చి ఆరబోసిన కల్లాల దగ్గరా అంతే, పట్టా మీదకు చక్రం పోనివ్వొద్దు.