ఎండోమెట్రియంలో (గర్భాశయం లోపలి పొరలో) కణమరణం: ప్రొజెస్టరాన్ నిండుగా ఉండగానే బీసీఎల్-2 ఎందుకు పోతోంది?

నాగావళి, శ్రీకాకుళం:
నమస్తే అండి. నెలసరి చక్రం 12వ రోజు బయాప్సీలో గ్రంథి కణాలకు బీసీఎల్-2 రంగు బాగా పట్టింది. 22వ రోజు ముక్కలో దాదాపు లేదు. ప్రొజెస్టరాన్ పడిపోతేనే అపోప్టోసిస్ (కణం తనంతట తాను పద్ధతిగా చావడం) అని కదా చదివేది, 22వ రోజున అది నిండుగా ఉంటుంది. మరి కణాన్ని కాపాడే ఈ బీసీఎల్-2 ప్రొటీన్ అప్పుడే పోవడమేటి? ఇంకొకటి: టునెల్‌లో (తెగిన డీఎన్ఏకు రంగు వేసే పరీక్షలో) 12వ రోజు ముక్క కూడా గోధుమరంగుకు తిరిగింది. అది విజయనగరం నుంచి సెలైన్‌లో వచ్చింది, ఫార్మలిన్‌లో పడేసరికి మూడు గంటలైంది.

వంశధార:
గ్రంథినీ, దాని చుట్టూ ఉండే ఆధార కణజాలమైన స్ట్రోమానీ ఒకే గాటన కట్టకండి. గ్రంథి కణంలో బీసీఎల్-2ను నిలబెట్టేది ఈస్ట్రోజెన్. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వచ్చి, పై పొర గ్రంథుల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లను తగ్గించేస్తుంది. దాంతో బీసీఎల్-2 పడిపోతుంది, కణాన్ని చంపే బ్యాక్స్ ప్రొటీన్ వైపు మొగ్గు పెరుగుతుంది. అంటే కవచం ముందే ఊడిపోతుంది, చావు తర్వాత వస్తుంది.

స్ట్రోమా దారి వేరు. అక్కడ ప్రొజెస్టరాన్ రిసెప్టర్ నిలిచే ఉంటుంది, డెసిడ్యువల్ కణాన్ని (గర్భానికి సిద్ధమైన స్ట్రోమా కణాన్ని) బతికించేది ఆ హార్మోనే. అండాశయంలో ప్రొజెస్టరాన్ తయారుచేసే కార్పస్ లూటియం సుమారు 14 రోజులకు వాడిపోతే ఆ హార్మోన్ పడిపోతుంది; అప్పటిదాకా సైటోప్లాజంలో ఆగిన ఫాక్సో-1 (జన్యువులను నడిపే ప్రొటీన్) కేంద్రకంలోకి చేరి, కణాన్ని చంపే బిమ్ ప్రొటీన్‌ను పెంచుతుంది. ఆ తర్వాత కణంలోని ప్రొటీన్లను కోసే క్యాస్పేజ్-3 ఎంజైమ్ పనిలోకి దిగుతుంది. గర్భం నిలిస్తే హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ కార్పస్ లూటియాన్ని కాపాడుతుంది కాబట్టి ఇదేదీ మొదలవదు. మీరు చదివిన మాట స్ట్రోమాకు సరిగ్గా సరిపోతుంది.

చంపావతి, విజయనగరం:
టునెల్ సంగతి. ఆ 12వ రోజు స్లైడును లెక్కలోంచి తీసేయండమ్మా. మన ఎండల్లో మూడు గంటలు సెలైన్‌లో ఉన్న ముక్క తనంతట తానే కుళ్లడం మొదలెడుతుంది. తెగిన డీఎన్ఏ ఎలా తెగిందో టునెల్‌కు తెలీదు, నెక్రోసిస్‌కూ (దెబ్బతిని చచ్చిన కణానికీ) రంగు పడుతుంది. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ సీసాలు ముందే థియేటర్‌లో పెట్టించండి. ముక్కకు కనీసం పదింతల ద్రవం, 24 గంటలు. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కె మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు, 15 నిమిషాలు. మించితే అదే తప్పుడు రంగు తెస్తుంది. ప్రతి బ్యాచ్‌లో డీఎన్ఏను తెంపే డీఎన్ఏస్ పెట్టిన స్లైడు ఒకటి (రంగు రావాలి), గుర్తును అతికించే టీడీటీ ఎంజైమ్ వేయనిది ఒకటి (రంగు రాకూడదు) ఉండాలి. పక్క సెక్షన్‌కు క్లీవ్డ్ (తెగి పనిలోకి దిగిన) క్యాస్పేజ్-3 రంగు వేయండి. రెండూ కలిసిన చోటే నమ్మండి. మామూలు హెచ్ అండ్ ఈ రంగులో కుంచించుకుపోయిన కణం, గుండ్రటి ముక్కలైన కేంద్రకం కనిపించాలి.

నాగావళి:
చాలా థాంక్స్ మేడమ్. 25వ రోజు స్ట్రోమాలో చిన్న గుండ్రటి కణాలకు బీసీఎల్-2 గట్టిగా పట్టింది. అవి స్ట్రోమా కణాలేనా?

వంశధార:
లింఫోసైట్లు అయ్యుంటాయి, ముఖ్యంగా గర్భాశయ ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు. వాటిని గుర్తుపట్టే సీడీ-56 రంగు వేస్తే తేలిపోతుంది. రంగు పనిచేసిందనడానికి అవే లోపలి కంట్రోల్. కానీ మొత్తం ముక్కను నూరి వెస్టర్న్ బ్లాట్ (ముక్క మొత్తంలోని ప్రొటీన్‌ను చూసే పరీక్ష) పెడితే ఈ కణాల బీసీఎల్-2 గ్రంథుల లోటును కప్పేస్తుంది. అందుకే గ్రంథి, స్ట్రోమా, బేసల్ (అడుగు) పొర విడివిడిగా లెక్కించండి.